కట్లు విప్పించిన పొరుగువాడు
(గాజుల లక్ష్మీనరసు చెట్టిగారి జీవితము)

వేదపఠనము: లూకా 10:25–37; అపొస్తలుల కార్యములు 22:24–29



యెరికో మార్గమున దొంగల చేతిలో చిక్కి కొనప్రాణముతో పడియున్న మనుష్యుని కథ మన సంఘములలో చిన్నపిల్లలకు సహితము తెలిసినదే. ఆ కథ ముగించి ప్రభువు ధర్మశాస్త్రోపదేశకుని ఒక ప్రశ్న అడిగెను. ఆ ముగ్గురిలో పొరుగువాడెవడు? దానికి అతడు సమరయుడని నోరు తెరచి చెప్పలేదు. జాలి చూపినవాడని మాత్రము చెప్పి ఊరకుండెను. తనకు గిట్టని జాతివానిని మేలు చేసినవానిగా పేరు పెట్టి పలుకుటకు అతనికి నాలుక తిరుగలేదు కాబోలు.

ఈ నెల మేము వ్రాయబూనినది అటువంటి యొకని జీవితము. ఈయన మన మతస్థుడు కాడు. అంతేకాదు, తన కాలపు మిషనెరీల పనిని బాహాటముగా ఎదిరించినవాడు. అయినను మన తెలుగు రైతుల చేతులకు బిగించిన కట్లు విప్పించుటకు తన కాలమును ధనమును వెచ్చించినవాడు. ఆయన పేరు గాజుల లక్ష్మీనరసు చెట్టిగారు. ఆ పేరును మనము నోరారా పలుకుట న్యాయమని మా తలంపు.

ఆయన విప్పించిన కట్లు ఎట్టివో ముందుగా తెలిసికొందము. ఇది నూటడెబ్బది సంవత్సరముల క్రిందటి మాట. గన్నవరము అప్పుడు మచిలీపట్టణము జిల్లాలోనిది. ఆ జిల్లాను గుంటూరు జిల్లాను కలిపి 1859లో కృష్ణా జిల్లా యని పేరు పెట్టిరి. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైనది. అంతకు పూర్వము నేడు మన చేలకు నీరిచ్చు కాలువలు లేవు. వాన కురిసిన పంట, కురియకున్న పస్తు. 1833 నాటి నందన కరువులో గుంటూరు జిల్లాలోని అయిదు లక్షల జనములో రెండు లక్షలమంది వరకు నశించిరని లెక్కలు చెప్పుచున్నవి. పంట పండినను ఎండినను కుంఫిణీ దొరతనమునకు శిస్తు గడువు వచ్చుచునే యుండెను. తగ్గింపు దొరకుట అధికారుల దయమీద ఆధారపడి యుండెను.

గడువు దాటిన రైతును కచేరీకి పిలిపించెడివారు. అక్కడ బంట్రోతులు చేయు బాధలలో రెండు మిక్కిలి సాధారణమైనవి. మొదటిది కిట్టి. దానినే తెలుగువారు చిరత యనిరి. రెండు కఱ్ఱలను ఒక కొనను జతగా కట్టి, నడుమ మనిషి వ్రేళ్లు పెట్టి, రెండవ కొనను నొక్కుదురు. రెండవది వంచి కట్టుట. అతని పైబట్టనే గాని, గడ్డి మోకునే గాని మెడమీదుగా తెచ్చి, కాలివ్రేళ్ల క్రిందుగా పోనిచ్చి బిగింతురు. తల కాళ్లకు దిగునట్లు వంగి, ఎండలో గంటల తరబడి అట్లే యుండవలెను. ఒక్కొక్కప్పుడు వీపుమీద రాయి కూడ ఎత్తెడివారు. కొద్దిపాటి బాకీకి కూడ ఇదియే గతి. దొంగతనము ఒప్పించుటకు పోలీసు బంట్రోతులు చేయుచుండినదియు ఇదియే. రక్తము కారనవసరము లేదు, ఎముక విరుగనవసరము లేదు. కొన్ని దినములకు గుర్తులు మాసిపోవును. తరువాత చెప్పుకొన్నను నమ్మువారెవరు?

చెప్పుకొనుటకైనను ఎవరి యొద్దకు పోవలెను? ఇందులోనే ఆ అన్యాయపు వేరు ఉన్నది. 1816 నాటి చట్టములవలన శిస్తు వసూలు చేయు తహశీలుదారే పోలీసులకు కూడ అధిపతియై యుండెను. అతనిపైనున్న కలెక్టరే జిల్లా మేజిస్ట్రేటు. పన్ను అడుగువాడు, పట్టి తెప్పించువాడు, కట్టించువాడు, ఫిర్యాదు వినువాడు, అందరు ఒక్క కచేరీలోనే. బంట్రోతు కట్టెనని రైతు చెప్పుకొనవలసినది ఆ బంట్రోతు యజమానితోనే. కట్టిన చేయియు వినవలసిన చెవియు ఒక్క దేహమునకే యుండెను.

యెరూషలేములో సహస్రాధిపతి పౌలును కొరడాలతో విమర్శింపవలెనని ఆజ్ఞాపించినప్పుడు, వారులతో కట్టుచుండగనే పౌలు ఒక మాట అడిగెను. తీర్పులేకుండ రోమా పౌరుని కొట్టుట న్యాయమా యని. వెంటనే కట్టినవారు భయపడి వెనుకకు తగ్గిరి. పౌలునకు పౌరత్వముండెను, అడుగుటకు మాట తెలిసియుండెను. మన రైతునకు ఆ రెండును లేవు. అతని పక్షముగా ఆ ప్రశ్న అడుగువాడు ఒకడు కావలసివచ్చెను.

లక్ష్మీనరసు చెట్టిగారు 1806లో చెన్నపట్టణమున జన్మించిరి. తండ్రి సిద్ధులు చెట్టిగారు పేరుపొందిన వర్తకుడు. కుమారుడు తండ్రి వ్యాపారములోనే ప్రవేశించి దానిని వృద్ధిచేసి ధనవంతుడాయెను. కోరినచో కొట్టు, ఇల్లు, కోవెల చూచుకొనుచు సుఖముగా బ్రదుకవచ్చును. కాని ఆయన మనస్సు పట్టణపు బజారును దాటి పల్లెల మీదకు పోయెను. 1844లో క్రెసెంటు అను ఇంగ్లీషు పత్రికను స్థాపించెను. ఎడ్వర్డు హార్లీ యను ఇంగ్లీషువానిని దానికి సంపాదకునిగా నియమించి, ఖర్చు తాను భరించెను. హిందువుల కష్టములను దొరలు చదువు భాషలోనే దొరలకు తెలుపవలెనని ఆయన ఉద్దేశము.

ఇక్కడ మేము ఒక మాట దాచక చెప్పవలెను. ఆ పత్రిక పుట్టుటకు ఒక ముఖ్య కారణము మిషనెరీల ప్రచారమునకు ఎదురు నిలుచుట. 1846లో గవర్నరుగానుండిన ట్వీడ్డేలు ప్రభువు సర్కారు బడులలో బైబిలు పాఠము చేర్చవలెనని తలపెట్టగా, చెట్టిగారును ఆయన స్నేహితులును సభ జరిపి, వేలకొలది చేవ్రాళ్లతో లండనులోని కుంఫిణీ డైరెక్టరులకు మహజరు పంపిరి. బాప్తిస్మము పొందినవారికి పిత్రార్జితపు ఆస్తిలో హక్కు నిలుపు చట్టమును కూడ వారు ఎదిరించిరి. ఆ దినములలో మచిలీపట్టణమున రాబర్టు నోబులుగారు 1843లో పెట్టిన పాఠశాల కష్టములమీద నడచుచుండెను. క్రొత్తగా విశ్వసించినవారు ఇల్లు వాకిళ్లు పోగొట్టుకొనుచుండిరి. మన పితరులకు చెట్టిగారి పేరు చేదుగా నుండుటలో ఆశ్చర్యము లేదు. ఆ విషయములో ఆయన పక్షము సరియైనదని మేము చెప్పము. అయినను సమరయునితో కూడ యూదులకు ఆరాధన విషయమై వివాదముండెను గదా. ఆ వివాదము తీరకమునుపే అతడు గాయములకు నూనె పోసెను.

1852లో చెట్టిగారి పూనికతో మద్రాసు నేటివు అసోసియేషను అను సంఘము ఏర్పడెను. దక్షిణ దేశమున ప్రజల రాజకీయ సంఘములలో ఇదియే మొదటిది. ఆ సంవత్సరమే వారు ఇంగ్లండు పార్లమెంటునకు విన్నపము వ్రాసి, శిస్తుల భారమును, చేతిపనులవారి మీది మొతర్ఫా పన్నును, కోర్టుల ఆలస్యమును, రోడ్లు, చదువుల కొరతను విన్నవించిరి. కాగితముమీది మాటలు సముద్రము దాటునప్పటికి చల్లారునని చెట్టిగారికి తెలియును. కావున 1853లో ఇండియా సంస్కరణ సంఘమువాడైన హెన్రీ డాన్బీ సేమూరు అను పార్లమెంటు సభ్యుడు చెన్నపట్టణమునకు వచ్చినప్పుడు, ఆయనను విందులతో సరిపెట్టి పంపలేదు. వెంటబెట్టుకొని జిల్లాలు తిప్పిరి. కిట్టికి, మోకులకు చిక్కినవారి గోడు స్వయముగా వినునట్లు చేసిరి. యాజకుడును లేవీయుడును ప్రక్కగా పోయిన దారిన ఒక దొరను నడిపించి, పడియున్నవాని యొద్ద నిలువబెట్టుట ఆయన చేసిన పని.

1854 జూలైలో పార్లమెంటులో ఈ సంగతి చర్చకు వచ్చెను. మన పరిపాలనలో ఇట్టివి జరుగునా యని కొందరు నమ్మలేదు. తుదకు చెన్నపట్టణపు ప్రభుత్వము అదే సంవత్సరమున ఎలియటు, స్టోక్సు, జాన్ బ్రూస్ నార్టను అను ముగ్గురితో ఒక విచారణ సంఘమును నియమించెను. ఈ సంఘము చెన్నపట్టణమున కూర్చుండెను. గన్నవరమునుండి అక్కడికి నాలుగు వందల కిలోమీటర్లకు పైమాట. ఆనాడు రైలు లేదు. బాధ చెప్పుకొనవలెనన్న బండియో, పడవయో, కాలినడకయో గతి. చెప్పి తిరిగివచ్చిన తరువాత మరల ఆ తహశీలుదారు క్రిందనే బ్రదుకవలెను. ఇంత భయములోను, ఇంత దూరములోను 1,959 ఫిర్యాదులు వచ్చెను. కొందరు వ్రాసి పంపిరి, కొందరు తామే వచ్చి నిలిచిరి. ప్రియులారా, ఇది లెక్క మాత్రము కాదు. ఒక్కొక్క అంకె వెనుక వంగిన ఒక మెడ, నలిగిన ఒక చేయి ఉన్నది.

1855 ఏప్రిలులో సంఘమువారు తమ నివేదికను సమర్పించిరి. శిస్తు వసూలునందును, నేరములు ఒప్పించుటయందును హింస జరుగుచున్నమాట నిజమేనని వ్రాసిరి. అన్నింటికంటె తమ్మును నొప్పించినది బాధితునకు న్యాయము దొరకుటలోని కష్టమని తెలిపిరి. తప్పంతయు క్రింది ఉద్యోగులైన మన దేశస్థులదే యనియు, పై దొరలది కాదనియు కూడ వ్రాసిరి. ఈ మాటను నేటి చరిత్రకారులు పలువురు ఒప్పుకొనరు. వసూలు తగ్గినచో క్రిందివానిని మందలించువాడు, ఆ వసూలు ఎట్లు వచ్చెనో అడుగనివాడు నిర్దోషి ఎట్లగును? యొర్దాను దరికి వచ్చిన సుంకరులతోను సైనికులతోను బాప్తిస్మమిచ్చు యోహాను ఏమి చెప్పెనో లూకా మూడవ అధ్యాయములో చదివి చూడుడి. నిర్ణయించినదానికంటె ఎక్కువ తీసికొనవద్దని, ఎవరిని బాధపెట్టవద్దని వారికి నేర్పెను. ఆ బోధ క్రింది బంట్రోతునకే గాక పై దొరకును వర్తించును.

నివేదిక వ్యర్థము కాలేదు. పోలీసును శిస్తు కచేరీనుండి వేరుచేయవలెనని సంఘమువారు కోరియుండిరి. 1859 నాటి 24వ చట్టముచేత చెన్నపట్టణపు రాజధానిలో పోలీసు ప్రత్యేకమైన శాఖ యాయెను. 1861లో మరియొక కట్టుబాటు వచ్చెను. పోలీసు ఉద్యోగి యెదుట ఒప్పుకొన్న నేరము కోర్టులో సాక్ష్యముగా చెల్లదని. బాధపెట్టి రాబట్టిన మాటకు విలువలేకున్నచో బాధపెట్టుటకు కారణము తగ్గునని దీని భావము. ఆ నియమము 1872 సాక్ష్యపు చట్టములో నిలిచి, 2023లో వచ్చిన క్రొత్త సాక్ష్యపు చట్టములోను నేటికిని ఉన్నది. హింస దానితో అంతరించెనని మేము చెప్పజాలము. అయినను కట్టు చేతినుండి విను చెవిని వేరుచేయు పని అప్పుడు మొదలాయెను.

చెట్టిగారిని ప్రభుత్వము చాలకాలము అనుమానముతోనే చూచెను. తరువాత దొరతనమువారే ఆయన విలువ గ్రహించి, 1863లో చెన్నపట్టణపు శాసనసభలో సభ్యునిగా చేర్చుకొనిరి. అప్పటికి ఆయన సంపద కరగిపోయియుండెను. పత్రికకు, విన్నపములకు, సంఘమునకు ఇచ్చిన సొమ్ము తిరిగిరాలేదు. 1868లో పేదవాడుగా మరణించిరి. సమరయుడు పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి, ఇంక ఏమైన ఖర్చైనచో మరల వచ్చినప్పుడు తీర్చెదనని మాటయిచ్చెను. ఈయన తనకున్నదంతయు ఆ పూటకూటింటి లెక్కలోనే వేసెనని చెప్పవచ్చును.

ప్రియులారా, ఈ జీవితము చదివి ఆనాటి దొరలను, బంట్రోతులను నిందించి పుస్తకము మూసివేసినచో మనకు లాభమేమి? కట్లు నేటికిని ఉన్నవి. అవి ఎవరి చేతిలో నున్నవో చూచుకొందము.

మొదట బడి. మన తాతల కాలపు వీధిబడులలో కోదండము ఉండెను. దూలమునకు కట్టిన త్రాటికి పిల్లవానిని వ్రేలాడదీసి క్రింద బెత్తముతో కొట్టెడివారు. చదువు రావలెనన్న ఇది తప్పదని తల్లిదండ్రులే నమ్మిరి. 2009 నాటి విద్యాహక్కు చట్టము పిల్లలను శరీరమున దండించుటను, మనస్సు నొప్పించుటను నిషేధించినది. అయినను బల్లకు కట్టితిమనియు, గదిలో పెట్టి గడియ వేసితిమనియు నేటికిని వినబడుచునే యున్నది. మన హాస్టళ్లలో వార్డెను కొట్టెనని పిల్లవాడు చెప్పుకొనవలసినది ఎవరితో? ఆ వార్డెనుతోనే యైనచో, పాత తహశీలుదారు కచేరీకిని మన హాస్టలునకును భేదమేమి?

రెండవది రోగి. మతి చలించిన కొడుకును, చెల్లెలిని గుంజకు కట్టిన ఇండ్లు మన పల్లెలలో మనము చూడనివి కావు. కట్టినవారు క్రూరులు కారు. రాత్రి లేచి ఎక్కడికి పోవునో, బావిలో పడునో యని భయపడినవారు, అలసినవారు. అయినను తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న తెల్లవారుజామున జరిగినది మరువరాదు. మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడి పరుగెత్తలేక 28మంది కాలిపోయిరి. ఏ మతమువారినో నిందించుటకు దీనిని చెప్పుటలేదు. ప్రార్థన పేరిట రోగులను కట్టియుంచు చోట్లు మనలోను ఉన్నవి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని ఏ విధముగాను గొలుసులతో కట్టరాదని శాసించినది. ఆసుపత్రిలో పట్టి ఆపుట సహితము, అప్పటికప్పుడు కలుగబోవు హానిని తప్పించుటకు వేరు దారి లేనప్పుడే, బాధ్యుడైన మానసిక వైద్యుని అనుమతితో, అవసరమైనంతసేపే చేయవలెను. కారణము వ్రాసిపెట్టవలెను. శిక్షగా గాని, సిబ్బంది చాలలేదని గాని చేయరాదు.

గెరాసేనుల దేశపు మనిషిని తలంచుడి. ఆ ఊరివారికి గొలుసు తప్ప వేరు వైద్యము తెలియదు. ప్రభువు అతనిని స్వస్థబుద్ధిగలవానిగా కూర్చుండబెట్టి, తన యింటివారి యొద్దకే పంపెను. అతడు మరల మనుష్యులలో మనుష్యుడై బ్రదుకవలెనని ప్రభువు చిత్తము.

మూడవది పోలీసు. నేరము మోపబడినవానికి ఊరకనే సంకెళ్లు వేయరాదని సుప్రీంకోర్టు 1980లో తీర్పు చెప్పినది. పట్టుకొన్న సంగతి అతని బంధువునకో స్నేహితునకో తెలుపవలెనని 1996లో ఆజ్ఞాపించినది. ప్రయాణపు కాలము విడిచి 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెనని మన రాజ్యాంగమే చెప్పుచున్నది. 2024 జూలై 1నుండి అమలైన క్రొత్త చట్టము కొన్ని ఘోర నేరములలో సంకెళ్లకు అనుమతించినను, నేరపు స్వభావమును చూచియే వేయవలెనన్నది. పోలీసు పని కష్టమైనది. మన సంఘబిడ్డలు కూడ ఆ ఉద్యోగములో ఉన్నారు. పౌలును కట్టించిన సహస్రాధిపతియే, నిజము తెలిసినప్పుడు భయపడి విప్పించెను. మన బిడ్డలును ఆ భయము గలవారై యుందురు గాక.

అప్పుడప్పుడు ఒకనిని పట్టి ఆపక తప్పదు. తనకో ఇతరులకో హాని చేయబోవువానిని ఆపకుండుట ప్రేమ కాదు. ఆపిన పిమ్మట అతని మాట వేరొకరు వినుచున్నారా? ఎంతసేపు, ఎందుకు అని అడుగువారున్నారా? ఈ రెండు ప్రశ్నలను పల్లెలో అడుగుటకు పార్లమెంటు సభ్యుడు రానవసరము లేదు. ప్రతి సంఘములోను ఇద్దరు పెద్దలను, వారిలో ఒక స్త్రీని, పిల్లల మాటయు రోగుల మాటయు వినుటకు ఏర్పరచుకొందము. వారు ఆ బడిలో పంతులుగా గాని, ఆ హాస్టలులో వార్డెనుగా గాని ఉండరాదు. పిల్లల కొరకు 1098, మానసిక వ్యాధికి 14416, ఉచిత న్యాయ సహాయమునకు 15100 అను ఫోను అంకెలను దేవాలయపు గోడమీద వ్రాయించుదము. గుంజకు కట్టబడినవాడున్న యింటికి తప్పులెంచుటకు గాక, రాత్రి కాపలాకు తోడుగా పోదము. ఆస్పత్రికి బండి కట్టించుదము. అప్పుడు ఆ తల్లి తానే ముడి విప్పును.

చెట్టిగారు మన ప్రభువును ఎరుగరు. మనము ఎరిగియున్నాము. ఎరుగనివాడు ఇంత చేసెను. ఎరిగినవారము దానికి తక్కువ చేయుదుమా? బంధకములలో ఉన్నవారిని వారితోకూడ బంధింపబడినట్లే తలంచుకొనవలెనని హెబ్రీ పత్రిక మనకు నేర్పుచున్నది. వెళ్లి ఆలాగు చేయవలెనని ప్రభువు ఆ ధర్మశాస్త్రోపదేశకునకు ఇచ్చిన ఆజ్ఞ ఈ దినము మనది.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, నీ కుమారుని చేతులను కట్టి తీర్పులేని తీర్పునకు ఈడ్చుకొనిపోయిన లోకమిది. మా యిండ్లలోను, బడులలోను, ఆసుపత్రులలోను, ఠాణాలలోను కట్టబడినవారిని కనికరించుము. కట్టిన చేతులు మావైనచో మమ్మును క్షమించుము. మేము ప్రక్కగా పోయిన దారులలో నిలిచిన అన్యులను బట్టి నిన్ను స్తుతించుచున్నాము. వినుటకు మాకు చెవులిమ్ము, విప్పుటకు ధైర్యమిమ్ము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.